పదకొండు మార్కులు

పొద్దున్న ఎనిమిది కాకముందే ఇంట్లో డ్రిల్లింగు మిషను మొదలైంది.

తండ్రి పిల్ల గది ముందు మోకాళ్ళ మీద కూర్చుని తలుపుకు గొళ్ళెం బిగిస్తున్నాడు. గొళ్ళెం బయటివైపు. ఆయన లిఫ్టుల మెకానిక్కు, ఏ పనైనా శుభ్రంగా చేస్తాడు. పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాడు, రాలిన చెక్కపొడిని ఊదాడు, నాలుగు మరలూ ఒకే బిగువున తిప్పాడు. పనిలో వంక పెట్టడానికేం లేదు. అసలా పని చెయ్యాలా వద్దా అన్నదాని మీదే అరగంటగా రగడ.

తల్లి చంటివాడిని భుజాన వేసుకుని గోడకు ఆనుకుని నిలబడింది. వాడికి ఎనిమిది నెలలు. ఎడమ కనుబొమ్మ మీద మూడు కుట్లు. సోమవారం సాయంత్రం అక్క విసిరిన చెక్క రైలు ఇంజను తగిలి రక్తం కారిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మను కూడా తుమ్మలేదు.

"కుక్కపిల్లని కూడా ఎవరూ ఇలా బయట గొళ్ళెం పెట్టి ఉంచరండీ," అంది.

"వీడు పడుకున్నప్పుడు మాత్రమే. అంగుళం కిందికి తగిలుంటే కన్ను పోయేది. ఆ డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు."

"ఆయన కుట్లేసే డాక్టరు. మనకి కావలసింది ఇంకో డాక్టరు."

ఆ ఇంకో డాక్టరు, పిల్లల మనసుకు వైద్యం చేసేవాడు, ఏడు నెలల దూరంలో ఉన్నాడు. క్లినిక్కు నుంచి వచ్చిన ఉత్తరం ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది. అందులో ఏడు నెలల తర్వాతి తేదీ ఒకటి, దాని కింద మీ ఓపికకు ధన్యవాదాలు అన్న ముక్క ఒకటి. ఆ ముక్క రాసినవాళ్ళ ఇంటికి పిల్లను ఒక్క పూట పంపి చూడాలని తల్లికి రోజూ అనిపిస్తుంది.

పిల్లకు ఆరేళ్ళు. పాకే వయసులో ఇల్లు పీకి పందిరేస్తుంటే ముచ్చటపడి పిడుగు అని పిలిచారు. ఆ పేరే నిలిచిపోయింది. బళ్ళో ముగ్గురు పిల్లల తల్లిదండ్రులు ఫిర్యాదు రాసిచ్చిన తర్వాత, ముద్దుగా పెట్టుకున్న ఆ పేరు పిలవడానికి ఇంట్లోవాళ్ళకే నోరు రావడం లేదు. డాక్టరు చీటీ తెచ్చేదాకా పిల్లను పంపొద్దని బడివాళ్ళు రెండు వారాల కిందటే మర్యాదగా చెప్పేశారు.

పిడుగు మంచం అంచున కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ గొళ్ళెం బిగించడం చూస్తోంది. ఎండలు మండిపోతున్నా ఒంటి మీద పొడుగు చేతుల స్వెట్టరు. నాన్నమ్మ స్వెట్టరు విప్పదు కాబట్టి తనూ విప్పదట. ఇంట్లో అందరూ కలిసి నవ్వుకోవడానికి అదొక్కటే మిగిలింది. ఈమధ్య స్నానం కూడా తలుపేసుకుని తనే చేసుకుంటోంది. ఆ ఒక్క విషయంలోనైనా పిల్లకు బుద్ధి వచ్చిందని నాన్నమ్మ మెచ్చుకుంది.

"అది వేస్తే నేను బయటికి రాలేనా నాన్నా?" అని అడిగింది పిడుగు.

"రాలేవమ్మా."

"అయితే మంచిదే."

డ్రిల్లింగు మిషను మళ్ళీ మోగడంతో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

*

తల్లి ఐదు వారాలుగా రోజూ క్లినిక్కుకు ఫోను చేస్తోంది. ఎవరైనా రావడం లేదన్నారా, ఖాళీ ఏమైనా పడిందా అని అడగడం, లేదమ్మా అనిపించుకోవడం. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా పెట్టనివాళ్ళను ఏం చెయ్యాలో ఆ సామెత చెప్పినవాళ్ళు చెప్పిపోలేదు. ఇవాళ ఆమె ఫోను చెయ్యలేదు. తను పనిచేసే కట్టుడు పళ్ళ ల్యాబుకు సెలవు చెప్పి, చంటివాడిని ఎత్తుకుని, రెండు బస్సులు మారి తనే వెళ్ళింది.

క్లినిక్కులో కుర్చీలన్నీ మరలతో నేలకు బిగించి ఉన్నాయి. ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

కౌంటర్లో కూర్చున్నావిడ ఆమె గొంతు వినగానే గుర్తుపట్టింది. రోజూ విన్న గొంతే. లేదమ్మా అనడానికి నోరు తెరిచి, చంటివాడి నుదురు చూసి ఆగింది.

"బాబుకేమైంది?"

"అక్క కొట్టింది. అదే, మీ దగ్గర పేరు రాయించిన పిల్ల."

ఆవిడ కంప్యూటరులో ఏదో వెతికింది. తెరను ఒకసారి, కుట్లను ఒకసారి చూసింది.

"ఆ పిల్లకి పదకొండే వచ్చాయి కదమ్మా."

"పదకొండేంటి?"

"మార్కులు."

ఇలాంటివి బయటివాళ్ళకు చెప్పకూడదట. చంటివాడి కుట్లు చూశాక ఆవిడ చెప్పింది. పేరు రాయించేటప్పుడు ఇంటికి పంపిన ఫారంలో ఇరవై నాలుగు ప్రశ్నలుంటాయి. గడిచిన నాలుగు వారాల్లో పిల్ల ఇలా చేసిందా, అలా చేసిందా అని. ఎప్పుడూ లేదంటే సున్నా, అరుదుగా అంటే ఒకటి, తరచుగా అంటే రెండు, దాదాపు రోజూ అంటే మూడు. నలభై, ఆపైన వచ్చినవాళ్ళను వారంలో పిలుస్తారు. ఇరవై లోపు వచ్చినవాళ్ళకు ఏడు నెలలు.

ఆవిడ తెరను ఇటు తిప్పింది. తెర మీద ఆ ఫారం ఫొటో. ఆ చేతిరాత తల్లికి తెలుసు. గళ్ళలో ఇరికించినట్టు, ఒక్క అక్షరం కూడా గీత దాటకుండా. ఎదుటివాళ్ళను కొట్టడం, కొరకడం: అరుదుగా. వస్తువులు విసరడం: అరుదుగా. నిద్రలో ఉలిక్కిపడి అరవడం: ఎప్పుడూ లేదు.

ఫారం వచ్చిన వారం చంటివాడికి జ్వరం. నువ్వు వాడిని చూసుకో, ఇది నేను రాసి పంపుతాలే అన్నాడు భర్త. ఆ మాటకు ఆమె మనసు నిండిపోయింది కూడా.

మళ్ళీ రాసివ్వచ్చా అని అడిగింది. ఇవ్వచ్చంది ఆవిడ. ప్రతి బుధవారం సాయంత్రం డాక్టర్లు కూర్చుని ఫారాలు చూస్తారు. వచ్చే సోమవారానికి రెండు ఖాళీలు పడ్డాయి, ఇవాళే పంచేస్తారు. ఇంట్లో పిల్లను చూసుకునే పెద్దవాళ్ళందరూ సంతకం పెట్టాలి. ఫోనులో ఫొటో తీసి పంపినా చాలు.

"నాలుగులోపు పంపండమ్మా. దాటితే నా చేతిలో ఏం ఉండదు."

ఆమె గడియారం చూసింది. పదకొండుంపావు.

*

ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. పిడుగు గదిలో బొమ్మలేసుకుంటోంది. కొత్త గొళ్ళెం వెయ్యలేదు. తండ్రి కూడా పనికి సెలవు పెట్టి, వంటింటి బల్ల దగ్గర టీ కప్పు పెట్టుకుని కూర్చున్నాడు. తల్లి చంటివాడిని పడుకోబెట్టి వచ్చి, కొత్త ఫారాన్ని ఆయన ముందు పెట్టింది. క్లినిక్కులో చూసినదంతా మెల్లగా, వరసగా చెప్పింది. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచనప్పుడే ఆయనకు భయం.

ఆయన చాలాసేపు కప్పు చెవిని పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"తప్పులు తక్కువుంటే కాగితం తొందరగా కదుల్తుంది," అన్నాడు చివరికి.

లిఫ్టుల పనిలో అంతే. తనిఖీ కాగితంలో లోపాలు లేకపోతే అదే రోజు సంతకమైపోతుంది. ఐదారు లోపాలు రాశామా, కాగితం పై ఆఫీసుకు వెళ్తుంది, లిఫ్టుకు తాళం పడుతుంది, మళ్ళీ తనిఖీకి మనిషి రావడానికి నెలలు పడుతుంది. పద్నాలుగేళ్ళుగా ఆయన చూస్తున్నది ఇదే. పిల్ల గురించి ఉన్నదున్నట్టు రాస్తే, ఇది మావల్ల కాదని వాళ్ళు పక్కన పెట్టేస్తారనుకున్నాడు. చిన్న కేసు అనుకుంటే ముందు పిలిచి చూసి పంపేస్తారనుకున్నాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"మరి అన్నీ సున్నాలే పెట్టకపోయారా?"

"అన్నీ సున్నాలైతే అనుమానం వస్తుంది. అందుకే అక్కడక్కడా ఒకటి పెట్టా."

తల్లికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత వచ్చిన కోపానికి తనే భయపడింది. బల్ల మీది కప్పు తీసి గోడకేసి కొట్టాలనిపించింది. ఆ పిల్లకు ఈ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందని చుట్టాలందరూ అడుగుతుంటారు.

"ఐదు వారాలు రోజూ ఫోను చేశానండీ. ఆవిడ రోజూ ఆ పదకొండు చూసి నాకు లేదని చెప్పింది."

ఆయన జేబులోంచి పెన్ను తీసి ఆమె ముందు పెట్టాడు. తను రాస్తే మళ్ళీ ఎక్కడ చెయ్యి తిరుగుతుందోనన్నట్టు ఈసారి ఫారాన్ని ముట్టుకోలేదు.

ఆమె రాసింది. ఒక్కో ప్రశ్న పైకి చదవడం, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, టిక్కు పెట్టడం. కొన్నిటికి ఆయనే గొంతు తగ్గించి, రోజూ అన్నాడు. తనను తాను గాయపరచుకోవడం అన్న ఇరవై రెండో ప్రశ్నకు మాత్రం, ఆ బాధ ఒక్కటీ లేదు, అని తల్లి ఎప్పుడూ లేదు గడిలో టిక్కు పెట్టింది. పందొమ్మిదో ప్రశ్నను చివరికి వదిలారు. పిల్ల వల్ల ఇంట్లోవాళ్ళకు గాయాలయ్యాయా, అయితే ఎవరికి, ఏ రోజు, వివరాలు రాయాలి. చంటివాడికి ఒకసారి. ఒకసారంటే అరుదుగానే.

మొత్తం కూడితే ముప్పై తొమ్మిది.

"పందొమ్మిదికి రెండు పెట్టెయ్," అన్నాడు తండ్రి. "నలభై అవుతుంది."

"మళ్ళీ అబద్ధమా?"

"ఈసారి మన పిల్ల కోసం."

"పోయినసారి ఎవరికోసం రాశారు?"

రెండూ పది అయింది. మూడో సంతకం పెట్టాల్సిన మనిషి పక్క గదిలో చంటివాడి బట్టలు మడతపెడుతోంది.

*

నాన్నమ్మ ఫారం వైపు చూడను కూడా చూడలేదు.

పగలంతా కొడుకూ కోడలూ పనికి పోతే ఇద్దరు పిల్లలనూ చూసుకునేది ఆవిడే. ఆవిడ సంతకం లేకపోతే కాగితం చెల్లదని తల్లి చెప్పింది. చెల్లకపోతే మానె అంది ఆవిడ. ఇంటి గుట్టు లంకకు చేటు, ఊళ్ళోవాళ్ళ కంప్యూటర్లో మన పిల్ల గురించి రాసిపెట్టుకుంటే, రేపు అది పెద్దదై ఉద్యోగానికి పోతే ఎవరో ఈ కాగితం తీసి మొహాన కొట్టరా అని అడిగింది. అది ఉత్త భయం కాదు. తల్లికి కూడా లోపల ఆ భయం ఉంది.

"వీడు చిన్నప్పుడు తక్కువవాడా?" అని కొడుకును చూపించింది నాన్నమ్మ. "తలుపులన్నీ తన్నేవాడు. ఇప్పుడు తలుపులు బాగుచేసి బతుకుతున్నాడు."

తల్లి మంచం మీద ఆవిడ పక్కన కూర్చుని తనూ ఒక చొక్కా తీసి మడతపెట్టసాగింది. సంతకం మాట మళ్ళీ ఎత్తలేదు. అలా ఇద్దరూ నాలుగైదు బట్టలు మడతపెట్టారు. నాన్నమ్మ దొంతరను పై అరలో పెట్టడానికి చేతులెత్తినప్పుడు స్వెట్టరు చెయ్యి మోచేతి దాకా జారింది.

ఆవిడ వెంటనే కిందికి లాక్కుంది. తలుపు సందులో పడి నలిగిందంది.

తల్లి చేసేది పళ్ళ పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్లాస్టరు అచ్చుల్లో ఎవరెవరివో పళ్ళ వరసలు చూసి, వాటికి సరిపడే పళ్ళు తయారుచేస్తుంది. మనిషి మొహం మర్చిపోయినా పళ్ళ వరస మర్చిపోదని ల్యాబులో అందరూ వేళాకోళం చేస్తారు.

"తలుపుకి కింది వరసలో పన్ను ఊడదు అత్తయ్యా," అంది మెల్లగా.

పిడుగుకు కింది ముందు పన్ను ఆదివారం ఊడింది. ఆవిడ చేతి మీద, పన్ను జాగా ఖాళీగా ఉన్న పంటి గాటు ఆదివారం తర్వాతది. దాని పక్కనే పచ్చబడుతున్న గాటులో పళ్ళన్నీ ఉన్నాయి. అది అంతకు ముందుది.

నాన్నమ్మ మంచం మీద కూర్చుండిపోయింది.

"మధ్యాహ్నాలు దానికి కోపం వస్తుంది. ఊరికే వస్తుంది. ఆపలేదు పాపం. వాడి మంచం వైపు చూస్తుంది. అందుకని నా చెయ్యి ఇస్తాను." ఆవిడ స్వెట్టరు అంచు సర్దుకుంది. "ఇదిగో, ఇది కొరుకు, వాణ్ణి వదిలెయ్ అంటాను. కొరికి, ఏడ్చి, నా ఒళ్ళోనే పడుకుంటుంది. సోమవారం నేను స్నానానికి వెళ్ళాను. అంతే. లేకపోతే ఆ రైలు వాడి దాకా పోయేది కాదు."

"అమ్మా," అన్నాడు కొడుకు. తల్లికి ఆ క్షణంలో అత్తగారి మీద జాలేసింది, అంతకన్నా ఎక్కువ సిగ్గేసింది. ఐదు వారాలు తను ఫోను పట్టుకుని తిరుగుతుంటే, ఇంట్లో వైద్యం చేస్తున్నది ఈవిడ.

ఆవిడ స్వెట్టరు విప్పింది. రెండు చేతుల మీదా కలిపి ఏడు గాట్లు. ఏది ఏ రోజుదో ఆవిడకు తడుముకోకుండా గుర్తుంది. పాలు పొంగిన రోజు, వాన పడ్డ రోజు, బడి నుంచి మనిషి వచ్చిన రోజు. ఆవిడ చెబుతుంటే కోడలు తేదీలు వేసుకుంది. ఏడూ, చంటివాడిది ఒకటీ, ఎనిమిది. నాలుగు వారాల్లో ఎనిమిదిసార్లు.

"ఇప్పుడు రెండు పెట్టచ్చు," అంది తల్లి. నలభై అయింది.

నాన్నమ్మ కళ్ళజోడు అడిగి తీసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. ఆ కింద కొడుకు, ఆ కింద కోడలు. మూడున్నరయింది. తండ్రి ఫొటో తియ్యడానికి ఫోను పైకెత్తాడు.

"లెక్క తప్పు," అంది పిడుగు.

ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. గోడకు చెవులుంటాయని పెద్దవాళ్ళు అంటారే గాని, ఆరేళ్ళ పిల్లకు ఉంటాయని మర్చిపోతారు. వచ్చి తల్లి మోకాలి దగ్గర నిలబడి, స్వెట్టరు కుడి చెయ్యి మోచేతి పైదాకా లాక్కుంది.

"ఇవి రాయలేదు నువ్వు. ఎక్కువుంటే తొందరగా పిలుస్తారన్నావుగా."

మణికట్టు నుంచి మోచేతి దాకా చిన్న చిన్న గాట్లు. కొన్ని నల్లగా, కొన్ని పచ్చగా, ఒకటి ఇంకా ఎర్రగా.

"నిన్నెవరు కొరికారమ్మా?" అని అడిగాడు తండ్రి.

తల్లి అడగలేదు. ఎర్రగా ఉన్నదానిలో కింది పన్ను జాగా ఖాళీగా ఉంది.

"నాన్నమ్మ వంటింట్లో ఉంటే చెయ్యి అందదు కదా," అంది పిడుగు, చాలా మామూలుగా. "అప్పుడు నాది."

నాన్నమ్మ తన చేతులకేసి చూసుకుంది. తర్వాత వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుంది.

మంచం మీది ఫారంలో ఇరవై రెండో ప్రశ్న ఎదురుగా ఎప్పుడూ లేదు అన్న టిక్కు. ఈసారి అది భర్త చేతిరాత కాదు. ఏ అబద్ధమూ ఆడకుండా, తెలిసిందే తెలిసినట్టు, తన చేత్తో తనే పెట్టింది. తల్లి ఆ టిక్కును కొట్టేసి, చివరి గడిలో టిక్కు పెట్టి, పక్కన సంతకం చేసింది. సంతకం సగం గీత కిందికి పోయింది.

గడియారంలో నాలుగుకు పావు తక్కువ. వివరాల జాగాలో ఎన్ని అని రాయాలి. పిల్ల చేతిని తన చేతిలోకి తీసుకుని, తాకీ తాకకుండా వేలు పెట్టి లెక్కపెట్టింది. తొమ్మిది.

"ఆ చెయ్యి కూడా చూపించమ్మా," అంది.

పిడుగు ఎడమ చేతిని వీపు వెనక్కి పెట్టుకుంది.

"ముందు వాళ్ళు ఎప్పుడు రమ్మంటారో అడుగు," అంది.